పోలింగ్ సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వాలా? ముందు స్లైడ్లు పక్కన పెట్టండి

మాస్టర్ ట్రైనర్‌గా ఆర్డర్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, వాట్సాప్ గ్రూపుల్లో పాత పవర్‌పాయింట్ కోసం వెతకడం. నేనూ అదే చేశాను. దేవరకొండ వైపు ఒక కాలేజీ హాల్లో వందల మందిని కూర్చోబెట్టి, మైకు పట్టుకొని, పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా స్లైడ్లు చదివాను. అందరూ బుద్ధిగా విన్నారు. కొందరు నోట్సు కూడా రాసుకున్నారు. పోలింగ్ రోజు తెల్లవారుజామున ఐదు ముప్పావుకు ఒక పీవో (బూత్‌కు పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసర్) నుంచి ఫోన్ వచ్చింది: "సార్, ఈ వీవీప్యాట్ వైరు దేంట్ల పెట్టాలె?" వీవీప్యాట్ అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే మిషన్. ఫోన్ చేసినాయన మొదటి వరసలో కూర్చొని నోట్సు రాసుకున్న మనిషే.

ఆ ఫోన్ తర్వాత నాకు ఒకటి అర్థమైంది. బూత్‌లో తప్పులు రూల్ తెలియక జరిగేవి తక్కువ, చేతికి అలవాటు లేక జరిగేవి ఎక్కువ. అవి కూడా రోజంతా సమానంగా జరగవు. మాక్ పోల్ (అభ్యర్థుల ఏజెంట్ల ముందు మిషన్‌ను పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్) అయిపోయి అసలు పోలింగ్ మొదలయ్యే ఆ అరగంటలో కొన్ని, సాయంత్రం మిషన్ మూసే గంటలో కొన్ని. మిగతా పది గంటలు బండి దానంతట అదే నడుస్తుంది. కాబట్టి మీ ట్రైనింగ్ టైమ్‌లో సగం పైగా ఆ రెండు ఘట్టాలకే ఇవ్వండి. ఎలా ఇవ్వాలో వరసగా చెబుతాను. ఇది అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు, అంటే ఈవీఎంలు వాడే ఎన్నికలకు.

ముందురోజే చేయాల్సింది

ట్రైనింగ్ హాల్‌ను ఒకరోజు ముందు వెళ్లి చూడండి. ప్లగ్ పాయింట్లు, మైకు సంగతి తర్వాత. బల్లలు ఉన్నాయా లేవా అన్నది ముఖ్యం. గదికి నలభై మందికి మించొద్దని గట్టిగా అడగండి. వంద మందిని ఒక్క హాల్లో పెడితే అది ట్రైనింగ్ కాదు, మీటింగ్. పది మందికి ఒక మిషన్ సెట్ దొరికితే అదృష్టం. ఇరవై మందికి ఒకటి ఉన్నా నడుస్తుంది. పసుపు రంగు స్టిక్కర్ ఉన్న మిషన్లే ట్రైనింగ్‌కు ఇస్తారు. అవి అసలు పోలింగ్‌కు వెళ్లేవి కావని వచ్చినవాళ్లకు మొదటే చెప్పండి, లేకపోతే "పాడైతదేమో" అని ఎవరూ ముట్టుకోరు.

మిషన్లు ఇచ్చేవాళ్లు ఉత్త మిషన్లే ఇస్తారు. మీరు అడిగి తెచ్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: గ్రీన్ పేపర్ సీళ్లు, స్పెషల్ ట్యాగులు, అడ్రస్ ట్యాగులు, దారం, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, నల్ల కవరు, మాక్ పోల్ స్లిప్ అని ఉండే రబ్బరు స్టాంపు. అసలువి దొరక్కపోతే అదే సైజులో రంగు కాగితం కత్తిరించుకోండి. 17ఏ (ఓటర్లు సంతకం పెట్టే రిజిస్టర్), 17సీ (పడిన ఓట్ల లెక్క రాసే ఫారం), పీవో డైరీ మనిషికొకటి జిరాక్స్ తీయించండి. బిల్లు పాస్ కావడానికి టైమ్ పడుతుంది, ముందు మీ జేబులోంచే పోతుంది, తప్పదు.

పాత హ్యాండ్‌బుక్ మీద ఆధారపడొద్దు. ప్రతి ఎన్నికకూ ఏదో ఒకటి మారుతుంది. ఫొటో ఓటరు స్లిప్పు ఒకప్పుడు గుర్తింపు కింద చెల్లేది. 2019 నుంచి అది ఒక్కటే చూపిస్తే చెల్లదు. ఇంటి దగ్గరే ఓటు వేసే వృద్ధుల వయసు 80 నుంచి 2024 లో 85 కు పెరిగింది. బూత్‌కు 1500 మంది ఓటర్ల దాకా ఉండేది, 2025 లో దాన్ని 1200 కు తగ్గించారు. పది డ్యూటీలు చేసిన సీనియర్లే ఇలాంటి చోట గట్టిగా వాదిస్తారు. కొత్త హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ మడిచి పెట్టుకోండి. వాదన రాగానే పేజీ చూపించండి, మాట పెంచకండి.

మీ ముందు కూర్చున్నది ఎవరు

మూడు రకాలుంటారు. మొదటిసారి డ్యూటీ పడి రాత్రి నిద్రపోనివాళ్లు. "మాకన్నీ తెలుసు, సంతకం పెట్టి పోతం" అనేవాళ్లు. ఇక మూడోరకం, 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల పంచాయతీ ఎన్నికల్లో పనిచేసి వచ్చినవాళ్లు. వీళ్ల విషయంలో కొంచెం జాగ్రత్త. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి. అక్కడ బ్యాలెట్ పేపరు, పెట్టె. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటి నుంచి లెక్కింపు, అదే రోజు ఫలితం. ఆ అలవాటు చేతుల్లో ఇంకా తాజాగా ఉంటుంది. ఇక్కడ లెక్కింపు మన పని కాదు, మిషన్‌లో ఓట్లు ఎవరికెన్ని అన్నది మనం చూడకూడదు అని వాళ్లకు విడిగా చెప్పాలి.

భయపడేవాళ్ల భయం పోవడానికి నేను నల్లగొండ పాత కథ చెబుతాను. 1996 పార్లమెంటు ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల సమస్యను దేశానికి చూపించాలని జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దాన్ని మడిచి పెట్టెలో వేయించడమే ఆనాటి సిబ్బందికి పెద్ద పని. అప్పటిదాకా 500 రూపాయలున్న పార్లమెంటు డిపాజిట్ ఆ ఏడాదే 10,000 అయింది. "ఆ పుస్తకంతోనే ఎన్నిక జరిపిన జిల్లా మనది, మీకు మూడు డబ్బాలే ఇచ్చారు" అంటే హాల్లో నవ్వు వస్తుంది. నవ్వు వచ్చాక మిషన్ మీద చెయ్యి వేయడం తేలిక.

మొదటి గంట: వైర్లు

సీయూ (సిబ్బంది దగ్గరుండే కంట్రోల్ యూనిట్), బీయూ (ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్), వీవీప్యాట్ అనే పేర్లు బోర్డు మీద రాసి వదిలేయకండి. టీముకు నలుగురి చొప్పున పిలిచి, మీరు ఒక్క మాటా మాట్లాడకుండా, వాళ్లతోనే కలిపించండి. బ్యాలెట్ యూనిట్ వైరు వీవీప్యాట్‌కు, వీవీప్యాట్ వైరు కంట్రోల్ యూనిట్‌కు. అన్నీ కలిపాకే కంట్రోల్ యూనిట్ స్విచ్ ఆన్. ఏ వైరు తీయాలన్నా, పెట్టాలన్నా ముందు స్విచ్ ఆఫ్. వీవీప్యాట్ వెనక ఉండే నాబ్ అడ్డంగా ఉంటే ప్రయాణానికి, నిలువుగా ఉంటే పనికి. ఈ నాబ్ మర్చిపోయి "వీవీప్యాట్ పాడైంది" అని సెక్టార్ ఆఫీసర్‌కు (కొన్ని బూత్‌లను చూసుకునే అధికారికి) ఫోన్ చేసే టీములు ప్రతి ఎన్నికలోనూ ఉంటాయి.

వీవీప్యాట్ మీద నేరుగా బల్బు వెలుతురుగానీ, కిటికీలోంచి ఎండగానీ పడకూడదు. మన ప్రైమరీ స్కూళ్లలో కిటికీలకు తలుపులుండవు, తూర్పు ఎండ నేరుగా గదిలోకి కొడుతుంది. ఓటింగ్ కంపార్ట్‌మెంట్ ఏ మూల పెట్టాలో ముందురోజు సాయంత్రం కాదు, మరుసటి ఉదయం ఎండ ఎటు వస్తుందో ఊహించి నిర్ణయించాలని చెప్పండి.

అభ్యర్థులు ఎక్కువైతే బ్యాలెట్ యూనిట్లూ ఎక్కువే. ఒక్కోదానికి 16 గుర్తులు. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నికలో 47 మంది నిలబడ్డారు, నోటాతో కలిపి 48. సరిగ్గా మూడు యూనిట్లు. అంతకు ముందు ఏడాది నాగార్జునసాగర్‌లో 41 మంది, అప్పుడూ మూడే. కాబట్టి మన జిల్లాలో ఒక్క యూనిట్‌తో ట్రైనింగ్ ఇచ్చి ఊరుకోవడం తప్పు. కనీసం రెండు యూనిట్లు వరసగా కలిపి చూపించండి. ఒకటో నంబరు యూనిట్ ఎడమ పక్కన ఉండాలి, దాని వైరే వీవీప్యాట్‌లోకి వెళ్లాలి.

రెండో గంట: మాక్ పోల్

ఇక్కడ తొందర పడకండి. పోలింగ్ ఏడింటికి అంటే మాక్ పోల్ ఐదున్నరకు. పాఠం చెప్పేముందు గదిలో అందరినీ అడగండి: "ఐదున్నరకు ఏజెంట్లు రాకపోతే ఏం చేస్తారు?" సగం మంది "ఆగుతం" అంటారు, సగం మంది "మొదలుపెడతం" అంటారు. ఇద్దరిదీ సగం రైటే. పదిహేను నిమిషాలు ఆగాలి, తర్వాత మొదలుపెట్టాలి, ఆ సంగతి సర్టిఫికెట్‌లో రాయాలి.

ఇప్పుడు మాక్ పోల్ నిజంగా చేయించండి. నలుగురు టీము, మరో నలుగురు ఏజెంట్లు. సున్నా చూపించాలి, వీవీప్యాట్ డబ్బా ఖాళీగా ఉందని చూపించాలి. కనీసం 50 ఓట్లు, ప్రతి అభ్యర్థికీ కనీసం ఒకటి, నోటాకు కూడా. మునుగోడు లాంటి చోట ఒక్కొక్కరికి ఒకటి వేస్తేనే 48 అయిపోతాయి. ఎవరికి ఎన్ని వేశారో కాగితం మీద ఒకరు రాసుకోవాలి. ఇది రాయకపోతే చివర పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఓట్లు అయ్యాక క్లోజ్, తర్వాత రిజల్ట్, తర్వాత క్లియర్. దీన్నే సీఆర్‌సీ అంటారు. అందరికీ ఈ మూడక్షరాలు నోటికి వస్తాయి. నేను దానికి ఒక ముక్క అతికించాను: "సీఆర్‌సీ, ఆపైన చీటీ." ఎందుకంటే మిషన్ క్లియర్ చేసి హమ్మయ్య అనుకుంటారు, వీవీప్యాట్ డబ్బాలోని చీటీలు అలాగే ఉండిపోతాయి. మిషన్ ఆన్ అయినప్పుడు అది తనకు తాను కొన్ని చీటీలు కొడుతుంది, అవి కూడా అందులో ఉంటాయి. అన్నీ బయటికి తీయాలి. మిషన్ రిజల్ట్‌తో పోల్చాలి. ఒక్కో చీటీ వెనక మాక్ పోల్ స్టాంపు కొట్టాలి. నల్ల కవరులో పెట్టి సీలు వేసి, పీవో, ఏజెంట్లు సంతకాలు పెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దాని చుట్టూ గులాబీ రంగు పేపర్ సీలు వేయాలి.

ఒకసారి రెండో ట్రైనింగ్‌లో ఒక టీముతో ఇది చేయించాను. ఏపీవో (పీవోకు సహాయకురాలు) చకచకా చేసింది, క్లియర్ నొక్కింది, గ్రీన్ పేపర్ సీలు తీసి సంతకాల కోసం ఏజెంట్ల వైపు తిప్పింది. నేను లేచి వీవీప్యాట్ దగ్గరికి వెళ్లి కింది డబ్బా తలుపు తెరిచాను. చీటీలు జలజల రాలాయి. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. ఆ అయ్యో అన్నవాళ్లలో ఎవరూ పోలింగ్ రోజు చీటీలు మర్చిపోలేదు. ఒక టీము తప్పు చేసేదాకా ఆగి, దాన్ని అందరి ముందూ తెరవండి. ఎవరినీ తిట్టకండి, డబ్బా ఒక్కటి తెరిస్తే చాలు.

క్లియర్ మర్చిపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి, భయపెట్టడానికి కాదు. మాక్ పోల్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. లెక్కింపు రోజు ఆ కంట్రోల్ యూనిట్‌ను పక్కన పెడతారు. గెలుపు తేడా ఆ బూత్‌లో పడిన ఓట్లకు సమానంగానో తక్కువగానో ఉంటే వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టాల్సి వస్తుంది. మాక్ చీటీలు కూడా అందులోనే ఉంటే ఇక ఆ గందరగోళం ఊహించుకోండి. అదీగాక ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో లాటరీ తీసి ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు ఎలాగూ లెక్కిస్తారు. మన బూత్ ఆ ఐదులో రాదని ఎవరు చెప్పగలరు?

చివరిగా, సీళ్లు వేసి మిషన్ ఆన్ చేసి మొదటి ఓటరును లోపలికి పిలిచే ముందు టోటల్ బటన్ నొక్కి సున్నా అని ఏజెంట్లకు చూపించాలి. ఐదు సెకన్ల పని. మొత్తం ఉదయం పనికి ఇదే ఆఖరి తనిఖీ.

మూడో గంట: ఓటర్లుగా నటించండి

పీవో, ఏపీవో, ఓపీవోల (మిగతా పోలింగ్ అధికారుల) విధులు చదివి వినిపించొద్దు. కుర్చీలు వేసి బూత్ పెట్టండి. మొదటి టేబుల్ మీద మార్క్‌డ్ కాపీ, అంటే వచ్చినవాళ్లకు గీత కొట్టే ఓటర్ల జాబితా. పేరు, వరస నంబరు పైకి చదవాలి, ఏజెంట్లకు వినపడాలి. ఓటరు పేరు మీద గీత, ఆడవాళ్లయితే దాంతోపాటు విడిగా ఇంకో గుర్తు కూడా. ఈ గుర్తు మర్చిపోతే సాయంత్రం ఆడ, మగ లెక్క తేలదు. రెండో టేబుల్ దగ్గర ఎడమ చూపుడు వేలికి ఇంకు, 17ఏలో సంతకం లేదా వేలిముద్ర, ఓటరు చీటీ. ఇంకు ముందు పెట్టాలి, సంతకం చేసేలోపు ఆరుతుంది. మూడో టేబుల్ దగ్గర చీటీ తీసుకొని, ఇంకు ఉందో లేదో చూసి, బ్యాలెట్ బటన్ నొక్కడం.

చందంపేట, డిండి వైపు తండాలకు వెళ్లే టీములకు మొదటి టేబుల్ మీదే ఎక్కువ సాధన చేయించండి. ఒకే పేజీలో రమావత్ లక్ష్మి పేరు మూడుసార్లు ఉందనుకోండి. పేరు అడిగి గీత కొడితే రెండో లక్ష్మి వచ్చినప్పుడు "నీ ఓటు అయిపోయింది" అంటారు, గొడవ మొదలవుతుంది. భర్త పేరు, వరస నంబరు, ఫొటో మూడూ చూసి గీత కొట్టాలి. నేను ఒక జిరాక్స్ పేజీలో కావాలనే ఒకే పేరు మూడుసార్లు రాసి, ముగ్గురు టీచర్లను లక్ష్ములుగా పంపిస్తాను.

ఇక ఇబ్బంది పెట్టే ఓటర్లు. వాళ్ల వేషాలు వచ్చినవాళ్లతోనే వేయించండి, మీకు తెలియని నటులు బయటపడతారు.

ఒకామె వస్తుంది, చూస్తే ఆమె పేరు మీద గీత పడి ఉంది. వేలికి ఇంకు లేదు. ఆమె గుర్తింపు సరైనదే. టెండర్ ఓటు ఇవ్వాలి. మిషన్ మీద కాదు, టెండర్ బ్యాలెట్ పేపరు మీద, 17బి (టెండర్ ఓట్ల జాబితా) లో రాసి. చాలామంది పీవోలకు ఈ పేరు తెలుసు, పేపరు ఎక్కడుందో తెలియదు. కవర్ల కట్టలోంచి వెతికించండి.

ఒక ఏజెంట్ లేచి "ఈయన ఆయన కాదు" అంటాడు. చాలెంజ్ ఓటు. ఏజెంట్ రెండు రూపాయలు కట్టాలి, పీవో విచారించాలి. రెండు రూపాయలా అని నవ్వుతారు, అవును, రెండే. చిల్లర దగ్గర పెట్టుకోమనండి.

కళ్లు కనిపించని పెద్దాయన వెంట మనవడు వస్తాడు. మనవడికి 18 నిండాలి. ఒక సహాయకుడు ఒక్కరికే. కుర్రాడి కుడి చూపుడు వేలికి ఇంకు పెట్టి పంపాలి. తాత ఓటు ఎవరికో మనవడు బయట చెప్పనని రాసివ్వాలి.

ఇంకొకతను బయటికి వచ్చి "నేను ఒకటి నొక్కితే చీటీ ఇంకోటి వచ్చింది" అని అరుస్తాడు. ఇక్కడ పీవో గొంతు పెంచితే బయట క్యూ అంతా లోపలికి వస్తుంది. అతన్ని కూర్చోబెట్టి, తప్పుడు ఫిర్యాదైతే శిక్ష ఉంటుందని వివరించి, రాతపూర్వకంగా తీసుకొని, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయించాలి. ఆ టెస్ట్ ఓటు 17ఏలో, 17సీలో రెండింటిలోనూ రాయాలి. చీటీ నిజంగానే తప్పు వస్తే పోలింగ్ ఆపి వెంటనే పైకి చెప్పాలి.

నేను ఎక్కువసేపు ఆగేది ఏఎస్‌డీ జాబితా దగ్గర. ఊళ్లో లేనివాళ్లు, వలస పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) రాసిన జాబితా అది. పాలమూరు వైపు పనిచేసే టీములకు ఇది చాలా ముఖ్యం. కొడంగల్, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి పుణె, ముంబై పనులకు పోయినవాళ్లు ఓటు కోసం రాత్రి బస్సెక్కి వస్తారు. పొద్దున బస్టాండ్ నుంచి నేరుగా బూత్‌కు వస్తే, జాబితాలో పేరు చూసి "నువ్వు షిఫ్టెడ్, ఓటు లేదు" అని పంపేసిన సిబ్బందిని నేను చూశాను. అది పెద్ద తప్పు. జాబితాలో పేరుండటం అంటే జాగ్రత్తగా చూడమని, ఓటు లేదని కాదు. గుర్తింపు కార్డు చూడాలి, మనిషిని పోల్చాలి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకోవాలి, ఓటు వేయించాలి. అలాంటి ఒక కూలీ వేషం ట్రైనింగ్‌లో తప్పకుండా పెట్టండి. చేతిలో బ్యాగు, నిద్రలేని కళ్లు. మీ పీవో అతన్ని ఏం చేస్తాడో చూడండి.

మిషన్ మొరాయిస్తే ఏది మార్చాలన్నది కూడా ఇక్కడే చెప్పేయండి. మాక్ పోల్‌లో పాడైతే పాడైనది ఒక్కటే మార్చాలి. పోలింగ్ మధ్యలో కంట్రోల్ యూనిట్‌గానీ బ్యాలెట్ యూనిట్‌గానీ ఆగిపోతే సెట్ మొత్తం మార్చాలి, మళ్లీ ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటుతో మాక్ పోల్. వీవీప్యాట్ ఒక్కటే ఆగితే అదొక్కటే మార్చాలి, మాక్ పోల్ అక్కర్లేదు. ఈ మూడు వాక్యాలూ గోడమీద అంటించండి.

నాలుగో గంట: మూసే పని

మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర వస్తుంది. అందుకే నేను మూసే పనిని భోజనం ముందుకు లాగుతాను, మీరూ అలాగే చేయండి.

ముందు నా సొంత కథ చెప్పాలి. నా మూడో డ్యూటీలో సాయంత్రం మిషన్ మూసి టోటల్ చూస్తే 17ఏ రిజిస్టర్ కంటే ఒకటి తక్కువ. ఒక్కటంటే ఒక్కటి. ఏజెంట్లు ముగ్గురు నా ముఖంలోకి చూస్తున్నారు. రిజిస్టర్ మొదటి పేజీ నుంచి తిరగేశాం. గంట పోయింది. చివరికి ఓపీవోకు గుర్తొచ్చింది: మధ్యాహ్నం ఒక పెద్దాయన సంతకం పెట్టి, చీటీ పట్టుకొని, "నీళ్లు తాగొస్తా" అని పోయాడు, మళ్లీ రాలేదు. ఎవరూ రాసుకోలేదు. సంతకం పెట్టాక ఓటు వేయకుండా వెళ్లినవాళ్ల పేరు పక్కన ఆ క్షణమే రిమార్క్ రాసి సంతకం పెట్టాలి. ఆ ఒక్క గీత లేక ముగ్గురు ఏజెంట్ల ముందు నా చొక్కా తడిసిపోయింది. అందుకే ప్రతి రెండు గంటలకోసారి పోలింగ్ శాతం చెప్పేటప్పుడు, మిషన్ టోటల్‌నూ 17ఏ నంబరునూ పక్కపక్కన పోల్చమని చెబుతాను. తేడా పదకొండింటికి దొరికితే నిమిషాల్లో తేలుతుంది. రాత్రి దొరికితే గంట.

పోలింగ్ టైమ్ ఎన్నికకు ఎన్నిక మారుతుంది. 2023 నవంబరు 30 అసెంబ్లీకి మన దగ్గర ఐదింటి దాకా. 2024 మే 13 పార్లమెంటుకు ఎండల వల్ల ఆరింటి దాకా పెంచారు. మీ ఎన్నికది మీరు చూసి చెప్పండి. టైమ్ అయ్యే క్షణానికి గేటులోపల ఎంతమంది ఉంటే అంతమందికీ ఓటు. చీటీలు పంచాలి, కానీ ముందు నుంచి కాదు. క్యూలో చివరి మనిషికి ఒకటో నంబరు, అక్కడి నుంచి ముందుకు. ముందు నుంచి పంచితే మీరు పంచే లోపు వెనక పదిమంది చేరతారు. ఇది ట్రైనింగ్‌లో చేయించి చూపిస్తేనే తలకెక్కుతుంది. పది మందిని గోడ పక్కన నిలబెట్టి చీటీలు ఒక పీవో చేతికిచ్చి "పంచండి" అనండి. పదిమందిలో తొమ్మిదిమంది ముందు నుంచే మొదలుపెడతారు.

ఆఖరి ఓటు అయ్యాక క్లోజ్ బటన్ నొక్కాలి. ఇది రబ్బరు మూత కింద ఉంటుంది. క్లోజ్ నొక్కకపోతే లెక్కింపు రోజు రిజల్ట్ బటన్ పనిచేయదు. ఒక్కోసారి క్లోజ్ నొక్కినా పనిచేయదు, ఎందుకంటే ఆఖరి ఓటరు కోసం బ్యాలెట్ ఇచ్చేశారు, అతను నొక్కకుండా వెళ్లిపోయాడు, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. పోలింగ్ మధ్యలో ఇలా జరిగితే తర్వాతి ఓటరును నేరుగా లోపలికి పంపితే సరిపోతుంది. ఆఖరి మనిషి విషయంలో జరిగితే ఏ అధికారీ, ఏజెంటూ ఆ ఓటు వేయకూడదు. స్విచ్ ఆఫ్ చేసి, వీవీప్యాట్ వైరు తీసి, మళ్లీ ఆన్ చేస్తే లైటు ఆరుతుంది, క్లోజ్ పనిచేస్తుంది. ఇది ప్రతి పీవో చేత స్వయంగా చేయించండి. చూసినవాళ్లకు రాదు, చేసినవాళ్లకే వస్తుంది.

తర్వాత 17సీ. నకళ్లు ఏజెంట్లకు ఇవ్వాలి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి. ఏజెంట్ అడగలేదు కదా అని వదిలేయకూడదు, మనమే పిలిచి ఇవ్వాలి. వీవీప్యాట్ బ్యాటరీ తీసేయాలి. మిషన్లు పెట్టెల్లో పెట్టి అడ్రస్ ట్యాగులు కట్టి సీలు వేయాలి. లక్క కరిగించడం చాలామంది టీచర్లకు రాదు, వేళ్లు కాల్చుకుంటారు. రెండుసార్లు చేయించండి.

కాగితాలు

ఇది చెప్పాల్సిందే కానీ ఎక్కువ చెప్పకండి. కవర్లు ఎక్కువ, ఓపిక తక్కువ. నా సలహా ఒక్కటే: రాత్రి రిసెప్షన్ సెంటర్‌లో కౌంటర్ మీద మొదట అడిగేవి 17సీ, పీవో డైరీ, డిక్లరేషన్లు, మాక్ పోల్ సర్టిఫికెట్. వీటిని పెద్ద కవర్లలో పడేయకుండా పీవో చేతి సంచీలో విడిగా ఉంచుకోవాలి. డైరీ మాత్రం రాత్రి రాసేది కాదు, పగలు రెండు గంటలకోసారి రాసుకుంటూ పోయేది. రాత్రి పన్నెండింటికి బస్సులో సెల్‌ఫోన్ లైటు వెలుతురులో డైరీ రాసిన పీవోల రాత నేను చూశాను. వాళ్లకే చదవడం రాలేదు.

మీరు చెప్పకపోయినా అడిగే ప్రశ్నలు

మహిళా టీచర్లు అడుగుతారు: రాత్రి ఎక్కడ పడుకోవాలి, బాత్రూంకు తలుపుందా. దీనికి "అన్నీ ఉంటాయి" అని చెప్పకండి. ఏ స్కూల్లో ఏముందో సెక్టార్ ఆఫీసర్‌ను అడిగి రాసి పెట్టుకొని చెప్పండి. దుప్పటి, టార్చిలైటు, రెండు లీటర్ల నీళ్లు, బిస్కెట్లు, రోజూ వేసుకునే మందులు ఎవరివి వారే తెచ్చుకోవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందే చేయెత్తి చెప్పమనండి.

డ్యూటీలో ఉన్నవాళ్ల సొంత ఓటు సంగతి కూడా ట్రైనింగ్‌లోనే తేలాలి. ఫారం 12 (పోస్టల్ బ్యాలెట్ కోసం దరఖాస్తు) ఎవరెవరు ఇవ్వలేదో చూసి అక్కడికక్కడే నింపించండి. ఓటు వేసేది ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే, అంటే డ్యూటీవాళ్ల ఓటు కోసం పెట్టే కేంద్రంలోనే. పోస్టులో వస్తుందిలే అనుకున్నవాళ్లకు ఓటు పోతుంది, తర్వాత అందరూ మిమ్మల్నే అంటారు.

ఆఖరున అందరూ లేచే ముందు ప్రతి పీవోనూ, ఏపీవోనూ వరసగా మిషన్ దగ్గరికి పిలవండి. ఒక్కొక్కరూ ఒక ఓటు వేయాలి, క్లోజ్, రిజల్ట్, క్లియర్ నొక్కాలి, వీవీప్యాట్ డబ్బా తెరిచి చీటీ తీసి మీ చేతిలో పెట్టాలి. చీటీ మీ చేతికి వచ్చాకే హాజరు పట్టికలో సంతకం. నలభై మందికి గంటన్నర పడుతుంది. "బస్సు పోతది సార్" అంటారు. పోనివ్వండి, ఇంకో బస్సు ఉంటుంది. చివరి మనిషి వెళ్లాక చీటీలు లెక్కపెట్టండి. హాజరు పట్టికలో సంతకాల కంటే తక్కువుంటే ఎవరు తప్పించుకున్నారో తెలుస్తుంది, వాళ్ల పేర్లు రెండో ట్రైనింగ్ జాబితాలో మొదట రాసుకోండి.